లోయ పేరే పాటకు పేరు: విండిర్ తొలి ఆల్బమ్ ‘సోక్నర్దాల్ర్’ గురించి

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను ఒకే ఒక్క ఆల్బమ్ గురించి మాట్లాడతాను. నార్వే పడమటి తీరంలో, సోగ్నెఫ్యోర్డ్ అనే పొడవాటి సముద్రపు పాయ ఒడ్డున ఉన్న సోగ్న్‌దాల్ అనే చిన్న ఊళ్ళో 1978 సెప్టెంబరు 3న టెర్యే బాకెన్ అనే కుర్రవాడు పుట్టాడు. వాల్ఫార్ అని తనకు తానే పేరు పెట్టుకొని, విండిర్ అనే బృందాన్ని దాదాపు ఒంటిచేత్తో నడిపి, 1994లో ‘సోగ్నెరికెట్’, 1995లో ‘డెట్ గామ్లె రికెట్’ అనే రెండు డెమో క్యాసెట్లు తెచ్చాడు. ఆ తరువాత 1997లో వచ్చిన తొలి పూర్తి ఆల్బమ్ ‘సోక్నర్దాల్ర్’. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు నిండలేదు. ఆల్బమ్ పేరు మరేదో కాదు, తన లోయకు వైకింగుల కాలంలో, అంటే వెయ్యేళ్ళ నాటి ఉత్తర యూరప్ నావికా యోధుల కాలంలో, ఉన్న పాత పేరే.

ఈ సంగీతాన్ని లోకం మెలోడిక్ పాగన్ బ్లాక్ మెటల్ అంటుంది. బ్లాక్ మెటల్ అంటే రాక్ సంగీతంలో బాగా కటువైన ఒక శాఖ, పాగన్ అంటే క్రైస్తవానికి ముందటిది, మెలోడిక్ అంటే బాణీకి పెద్దపీట వేసేది. ఇంత పొడుగు పేరు వినగానే మనకు ఓడిన్, థోర్ వంటి క్రైస్తవ పూర్వ దేవతలు, కొమ్ముల శిరస్త్రాణాలు, మంచు కొండల మీద కత్తి పట్టుకొని దిగిన ఫొటోలు గుర్తుకు రావడం సహజమే, ఎందుకంటే ఈ శాఖలో వచ్చిన ఆల్బమ్‌లలో చాలా భాగం వాటితోనే నిండి ఉన్నాయి. విండిర్ ప్రత్యేకత వేరే చోట ఉంది. దేవతల కంటే, వైకింగుల కంటే, వాల్ఫార్‌కు తన లోయ ముఖ్యం. ఆ లోయ చరిత్ర, ఆ లోయ మాండలికం, ఆ లోయలో జనం నోళ్ళలో నానిన బాణీల నడక, ఈ మూడూ కలిసి బ్లాక్ మెటల్ అనే అప్పటికే గట్టిపడిన ఒక ప్రక్రియను ఎలా మెత్తబరిచాయో చూపడమే నా ఉద్దేశం.

ముందుగా ఆ కాలపు పరిస్థితిని కొంచెం చెప్పుకోవాలి. నార్వేలో మేహెమ్ బృందం 1984లో ఏర్పడింది. 1992లో డార్క్‌థ్రోన్ ‘ఎ బ్లేజ్ ఇన్ ద నార్దర్న్ స్కై’ తెచ్చేనాటికి నార్వే బ్లాక్ మెటల్ లక్షణాలు స్థిరపడ్డాయి: తీగలను ఆపకుండా అతివేగంగా మీటే గిటార్, విరామం లేని డ్రమ్స్, కీచుమనే అరుపులాంటి గొంతు, కావాలనే పచ్చిగా ఉంచిన రికార్డింగు. అదే ఏడు బెర్గెన్ దగ్గరి ఫాంటోఫ్ట్ కొయ్య చర్చిని తగలబెట్టారు. 1993 ఆగస్టులో మేహెమ్ గిటారిస్టు యూరోనిమస్ హత్యకు గురయ్యాడు, మరుసటి ఏడు ఆ హత్యకు మరో సంగీతకారుడికి శిక్ష పడింది. పత్రికలు ఈ నేరాలనే పతాక శీర్షికలకెక్కించాయి. దానితో ఈ సంగీతమంటే నిప్పు పెట్టడం, చంపడం అనే ముద్ర ప్రపంచమంతటా పడిపోయింది. నేరాలు నేరాలే, వాటిని కళ పేరు చెప్పి కప్పిపుచ్చడానికి వీల్లేదు. అయితే ఆ పొగ చాటున వేరే ధ్యాసతో పనిచేసుకుంటున్న కుర్రవాళ్ళు కొందరున్నారని కూడా ఒప్పుకోవాలి. వాల్ఫార్ తొలి డెమో సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది.

అతనికి ముందే దారి వేసినవాళ్ళు లేకపోలేదు. స్వీడన్‌లో బాథరీ బృందాన్ని నడిపిన క్వోర్థాన్ 1988లో ‘బ్లడ్ ఫైర్ డెత్’, 1990లో ‘హామర్‌హార్ట్’ ఆల్బమ్‌లతో, ఈ సంగీతానికి అప్పటిదాకా ఇష్టమైన సైతాను పాటలను పక్కనపెట్టి, పూర్వీకుల వైపు తిరిగాడు. నార్వేలో ఎన్‌స్లేవ్డ్ 1994లో ‘వైకింగ్లిగ్ర్ వెల్దీ’ తెచ్చింది. ఉల్వెర్ 1995లో ‘బెర్గ్‌టాట్’లో జానపద కథను, అకూస్టిక్ గిటార్‌ను, బృందగానాన్ని బ్లాక్ మెటల్‌తో కలిపింది. ఈ ‘బెర్గ్‌టాట్’ను విడుదల చేసిన హెడ్ నాట్ ఫౌండ్ సంస్థే ‘సోక్నర్దాల్ర్’ను కూడా విడుదల చేసింది. ‘స్లేయర్’ అనే అభిమానుల పత్రికను ఏళ్ళ తరబడి నడిపి, మెటాలియన్‌గా పేరుపడ్డ వ్యక్తి పెట్టిన సంస్థ అది. నార్వే మెటల్ చరిత్రలో అతని చెవికి దక్కవలసినంత గౌరవం ఇంకా దక్కలేదని నా అభిప్రాయం.

అయితే వీళ్ళందరికీ వాల్ఫార్‌కూ మధ్య ఒక తేడా ఉంది. ఎన్‌స్లేవ్డ్ ఆ ఆల్బమ్‌లో పాటలను ఎక్కువగా ఐస్లాండిక్‌లో పాడింది, ఉల్వెర్ పాత కాలపు డేనిష్ ఛాయల నార్వేజియన్‌ను ఎంచుకుంది. రెండూ పుస్తకాల్లోంచి, పాండిత్యంతో తెచ్చుకున్న ప్రాచీనత. వాల్ఫార్ తన ఇంట్లో, వీధిలో మాట్లాడే సోగ్నమోల్ మాండలికంలో పాడాడు. పాత రోజుల గురించి పాడడానికి పాత భాష అక్కర్లేదని, తన నోటి మాటలోనే ఆ పాతదనం నిలిచి ఉందని అతను నమ్మినట్టుంది. ఆ నమ్మకానికి ఆధారం కూడా లేకపోలేదు. సోగ్న్, అంటే ఆ ఫ్యోర్డ్ చుట్టూ ఉన్న ప్రాంతం; ఆ మాండలికంలో, నార్వే, ఐస్లాండ్ భాషలకు మూలమైన పాత నార్స్ దీర్ఘ ‘ఆ’కారం ‘అఉ’ వంటి సంయుక్తాచ్చుగా పలుకుతుంది, ఐస్లాండ్‌లో ఈనాటికీ అలాగే పలుకుతారు. ‘ల్ల’ అనవలసిన చోట ‘ద్ల’ వంటి ధ్వని వస్తుంది, దానికి దగ్గర చుట్టమైన ధ్వని కూడా ఐస్లాండిక్‌లో ఉంది. రాజధాని ఓస్లో పలుకుబడి మారిపోయినా, కొండల మధ్య ఈ లోయల్లో పాత ఉచ్చారణ ముక్కలు ముక్కలుగా మిగిలింది. పందొమ్మిదో శతాబ్దంలో ఈవార్ ఓసెన్ అనే భాషావేత్త పడమటి మాండలికాలను ఊరూరా తిరిగి సేకరించి, ఇప్పుడు నీనోర్స్క్ అని పిలిచే లిఖిత భాషకు పునాది వేసినది కూడా ఇలాంటి పలుకుబడి మీదే. ఆల్బమ్‌లో ‘సోగ్నరికెట్ సీ హెర్‌స్కారిన్నె’, ‘సోగ్నరికెట్ సీనె క్రిగారర్’ అనే పాటలున్నాయి, అంటే సోగ్న్ రాజ్యపు ఏలికసాని, సోగ్న్ రాజ్యపు యోధులు. ఆ పేర్లలో షష్ఠీ విభక్తిని చెప్పిన తీరు కూడా పడమటి నార్వే వాడుకదే.

ఇప్పుడు ఆ లోయ గురించి చెబుతాను. సోగ్నెఫ్యోర్డ్ సముద్రం నుంచి సుమారు 205 కిలోమీటర్లు లోపలికి చొచ్చుకుపోయిన ఉప్పునీటి పాయ. దాని లోతు కొన్ని చోట్ల 1,300 మీటర్లు దాటుతుంది. అటూ ఇటూ నిట్టనిలువు కొండలు, వాటి పాదాల దగ్గర అక్కడక్కడా ఇంచుక సాగుభూమి, ఆ భూమి అంచున ఊళ్ళు. ఈ సోగ్న్‌దాల్ పరిధిలోనే ఎగ్య అనే పొలంలో 1917లో దున్నుతుండగా ఒక బల్లపరుపు రాయి బయటపడింది. అది ఒక సమాధి మీద కప్పిన రాయి. దాని మీద ఉత్తర యూరప్ ప్రాచీన లిపి అయిన రూన్ అక్షరాలు దాదాపు 200 ఉన్నాయి. పాత రూన్ లిపిలో ఇప్పటిదాకా దొరికిన శాసనాలన్నిటిలోకీ పొడవైనది అదే. ఏడో శతాబ్దానిదని పండితులు లెక్కగట్టారు. ఆ శాసనానికి పూర్తి అర్థం ఇదని ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు గానీ, ఈ రాతిని ఎండ తాకలేదు, ఇనుప కత్తితో దీన్ని చెక్కలేదు అనే భావం గల ఒక వాక్యం మాత్రం బాగా ప్రసిద్ధం. ఎందుకంటే అక్షరాలున్న వైపును కిందికి, అంటే చచ్చిపోయిన మనిషి వైపుకు తిప్పి పెట్టారు. బతికున్నవాళ్ళు చదువుకోవడానికి రాసిన రాత కాదది. తన ఊరి పొలంలోనే ఇలాంటి రాయి దొరికిన కుర్రవాడు ‘పాగన్’ అనే మాటకు అర్థం కోసం పాత దేవతల కథలు రాసిపెట్టిన ఐస్లాండ్ గ్రంథాల దాకా పోనక్కరలేదు.

ఆ ఊరి చరిత్రలో మరో ఘట్టం ఉంది. పన్నెండో శతాబ్దంలో నార్వే సింహాసనం కోసం సాగిన అంతర్యుద్ధంలో స్వెర్రె రాజు అధికారిని సోగ్న్‌దాల్ రైతులు చంపేశారు. రాజు నౌకాదళంతో వచ్చి ఊళ్ళు తగలబెట్టించాడు. 1184 జూన్‌లో, సోగ్న్‌దాల్‌కు కూతవేటు దూరంలో ఫిమ్రైటె దగ్గర ఫ్యోర్డ్ నీళ్ళ మీద జరిగిన యుద్ధంలో మాగ్నుస్ ఎర్లింగ్సన్ రాజు చనిపోయాడు, స్వెర్రె గెలిచాడు. మనకు ఈ కథ తెలిసినది ప్రధానంగా స్వెర్రె చరిత్ర గ్రంథం వల్ల. దాని తొలి భాగాన్ని ఒక ఐస్లాండ్ మఠాధిపతి స్వెర్రె పర్యవేక్షణలోనే రాశాడు. విజేత దగ్గరుండి రాయించుకున్న చరిత్రలో ఓడిన రైతుల వైపు మాట ఎంత వినపడుతుందో మీరే ఊహించవచ్చు. విండిర్ రెండో ఆల్బమ్‌కు ఆ రైతుల నాయకుడు ఆర్న్‌తోర్ పేరు పెట్టారు, మూడో ఆల్బమ్‌కు ‘1184’ అని పేరు పెట్టారు. అయినా ఆ పక్షపాతం తొలి ఆల్బమ్‌లోనే మొదలైంది. రాజ్యమని అతను పదే పదే అన్నది సోగ్న్ రాజ్యాన్నే, నార్వే రాజ్యాన్ని కాదు.

ఇక సంగీతం. ‘సోక్నర్దాల్ర్’లో డ్రమ్స్ స్టీంగ్రిమ్ వాయించాడు, గిటార్లు, బేస్, సింథసైజర్, అకార్డియన్, ప్రధాన గాత్రం వాల్ఫార్‌వే. అక్కడక్కడా అరుపు ఆగి, మామూలు గొంతుతో నింపాదిగా పాడే గానం వస్తుంది. రికార్డింగు ఖరీదైనది కాదని మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. గిటార్ ధ్వని పలచగా, రంపంలా ఉంటుంది; సింథసైజర్ స్వరాలు నిరాడంబరంగా ఉంటాయి. కొత్తగా వినేవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. నా మనవి ఏమిటంటే, ఆ రంపపు ధ్వనిని కాసేపు పక్కనపెట్టి, దాని లోపల కదిలే బాణీని చెవితో పట్టుకోండి.

బ్లాక్ మెటల్ గిటార్ వాదనలో ట్రెమొలో పికింగ్ అనే పద్ధతి ఉంది. ఒకే స్వరాన్ని పిక్‌తో కిందికీ పైకీ, సెకనుకు ఎన్నోసార్లు, ఆగకుండా మీటుతారు. ఎందుకు? మీటిన తీగ నాదం పుట్టిన క్షణం నుంచే సన్నగిల్లుతుంది. కమానుతో లాగే వాద్యంలో అలా కాదు, కమాను కదులుతున్నంతసేపూ స్వరం నిలిచే ఉంటుంది. తెంపు లేకుండా మీటడం వల్ల గిటార్‌కు కూడా కమాను గుణం వస్తుంది. పొడుగాటి స్వరాలతో సాగే బాణీని వాయించడం అప్పుడు సాధ్యమవుతుంది. మేహెమ్, డార్క్‌థ్రోన్ ఈ పద్ధతిని చీకటి, చలి, భయం కలిగించే స్వర సమూహాల కోసం వాడుకున్నాయి. వాల్ఫార్ దానితో పాట కట్టాడు. అతని గిటార్ వరుసలను తీసి, నెమ్మదిగా, డ్రమ్స్ లేకుండా, ఒక ఫిడేలు మీదో అకార్డియన్ మీదో వాయిస్తే అవి పల్లె నృత్యాల బాణీల్లా నిలబడతాయి. ఈ పరీక్ష మీలో వాద్యం తెలిసినవాళ్ళు చేసి చూడవచ్చు. చాలా మెటల్ వరుసలు ఆ పరీక్షకు నిలవవు, ఎందుకంటే వాటి బలం ధ్వని బరువులో ఉంటుంది గానీ స్వరాల నడకలో ఉండదు.

ఫిడేలు మాట వచ్చింది కాబట్టి పడమటి నార్వే వాద్యమైన హార్డాంగర్ ఫిడేలు గురించి చెప్పక తప్పదు. కమానుతో వాయించే నాలుగు తీగల కింద, ఎవరూ తాకని మరో నాలుగైదు తీగలుంటాయి. పై తీగ పలికినప్పుడు కింది తీగలు వాటంతట అవే కంపించి, మన కచేరీలో తంబురా శ్రుతి వెనకాల నిండినట్టు, బాణీ వెనకాల నిండి ఉంటాయి. పాత వాదకుల బాణీల్లో నాలుగో స్వరం చాలాసార్లు శుద్ధమధ్యమం దాటి ప్రతిమధ్యమం వైపు జరిగి ఉంటుంది. బాణీ నిర్మాణం కూడా గమనించదగ్గది: రెండు మూడు తాళావర్తాల చిన్న చరణాన్ని తీసుకొని, ప్రతిసారీ ఏదో ఒక స్వరాన్ని మార్చి, మళ్ళీ మళ్ళీ చెబుతూ పోతారు, వినేవాడికి కాలం గుండ్రంగా తిరుగుతున్నట్టుంటుంది. వాల్ఫార్ హార్డాంగర్ ఫిడేలు వాయించాడని నేను అనడం లేదు. అతను చేతపట్టిన అకార్డియన్ పందొమ్మిదో శతాబ్దంలో వచ్చి పల్లె నృత్యాల్లో ఫిడేలు స్థానాన్ని చాలా చోట్ల ఆక్రమించిన వాద్యం. కానీ చిన్న చరణాన్ని వదలకుండా తిప్పి తిప్పి చెప్పే ఆ పద్ధతి, కింద ఒక స్వరం నిలిచి ఉండగా పైన బాణీ కదలడం, ఇవి ‘సోక్నర్దాల్ర్’లో ఎన్నో చోట్ల వినిపిస్తాయి. బ్లాక్ మెటల్‌కు కూడా పునరుక్తి అంటే ఇష్టమే కాబట్టి రెండూ అతని చేతిలో అతుకు కనపడకుండా కలిశాయి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి పడతాను. పందొమ్మిదో శతాబ్దపు నార్వేలో భక్తి ఉద్యమాల ప్రభావంలో హార్డాంగర్ ఫిడేలును దయ్యపు వాద్యమని నిందించారు. పెళ్ళిళ్ళలో తాగుడుకూ, నాట్యానికీ, తగాదాలకూ అదే మూలమని ఎన్నో ఫిడేళ్ళను పగలగొట్టారు, కాల్చారు. జలపాతంలో ఉండే ఫొస్సెగ్రిమ్ అనే భూతం ఫిడేలు నేర్పుతుందని జనం చెప్పుకునేవారు, ఒక రకం శ్రుతికి ట్రోల్ శ్రుతి, అంటే కొండ భూతపు శ్రుతి, అనే పేరు కూడా ఉంది. మిల్లర్‌గుట్టెన్ అనే ప్రసిద్ధ పల్లె ఫిడేలు విద్వాంసుణ్ణి, నార్వే పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడు ఓలె బుల్ 1849లో రాజధాని వేదిక ఎక్కించేదాకా పట్నం ఈ సంగీతాన్ని పట్టించుకోలేదు. చర్చి వెలివేసిన ఆ బాణీల నడక, నూటయాభై ఏళ్ళ తరువాత చర్చికి ఎదురు తిరిగిన మరో సంగీతంలోకి వచ్చి చేరడం నాకు కాకతాళీయంగా అనిపించదు. దయ్యం పేరు పెట్టి ఏ సంగీతాన్ని నిషేధిస్తే ఆ సంగీతంలోనే పాత జ్ఞాపకం దాక్కుంటుంది కాబోలు.

ఇంతగా మెచ్చుకున్నాను గనక లోపాలను కూడా చెప్పాలి. ఆల్బమ్ అంతా ఒకే స్థాయిలో లేదు. ‘మోర్కెట్ సిన్ ఫిర్‌స్టె’, అంటే చీకటి రాజు అనే పాట పేరులోనే పాత బ్లాక్ మెటల్ పరిభాష ఇంకా వదల్లేదని తెలుస్తుంది. వేగంగా పోయే భాగాల్లో కొన్ని అప్పటి నార్వే బృందాల్లో ఎవరివైనా కావచ్చు. సింథసైజర్ కొన్ని చోట్ల బాణీకి తోడు రావడానికి బదులు దాని మీద పడి మూసేస్తుంది. నిండుగా పండిన విండిర్ కావాలంటే 1999లో వచ్చిన ‘ఆర్న్‌తోర్’ వినాలి, అందులో రెండు గిటార్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకొని నడిచినట్టుంటాయి. నాకు మాత్రం తొలి ఆల్బమ్‌లోని తడబాటే విలువైనది. ఒక కుర్రవాడు అందరి భాషలోంచి తన భాషలోకి అడుగు వేస్తున్న క్షణం అందులో దొరుకుతుంది, ఒక్కొక్కచోట ఒకే పాటలో దొరుకుతుంది. పేరుపాట ‘సోక్నర్దాల్ర్’లో ఆ అడుగు పూర్తిగా పడింది.

2001 నాటి ‘1184’ ఆల్బమ్‌కు వచ్చేసరికి విండిర్ పూర్తి స్థాయి బృందమైంది. ఉల్కుస్ అనే స్థానిక బృందం సభ్యులు వచ్చి చేరారు. ధ్వని నిండుగా, శుభ్రంగా మారింది, కొన్ని పాటలు ఇంగ్లీషులోకి వెళ్ళాయి. శ్రోతలు పెరిగారు, అది మంచిదే. కానీ ఇంగ్లీషు పాటల్లో వాల్ఫార్ గొంతు ఎవరి గొంతైనా కావచ్చు అనిపిస్తుంది నాకు. మాండలికంలో పాడినప్పుడు అలా ఎన్నడూ అనిపించదు. 2003లో ‘లిక్‌ఫెర్డ్’ వచ్చింది. 2004 జనవరి 14న వాల్ఫార్, తన కుటుంబానికి ఫాగెరెగ్గిలో ఉన్న కొండ గుడిసెకు నడిచి వెళుతూ మంచు తుపానులో చిక్కుకున్నాడు, మూడు రోజుల తరువాత సోగ్న్‌దాల్ లోయలోనే అతని దేహం దొరికింది. వయసు ఇరవై అయిదు. ఆ సెప్టెంబరు 3న, అతని పుట్టినరోజున, మిగతా సభ్యులు ఓస్లోలోని రాకఫెల్లర్ వేదిక మీద వీడ్కోలు కచేరీ చేసి విండిర్ పేరును ముగించారు. ఈ మరణం తెలిసినవాళ్ళు తొలి ఆల్బమ్‌లోని ప్రతి మంచు మాటలోనూ, శవవాహిక అని అర్థం వచ్చే ‘లిక్‌బోర్’ అనే పాటలోనూ జోస్యం వెతుకుతుంటారు. అలా వినవద్దని నా విన్నపం. ఆ పాటలు కట్టిన కుర్రవాడికి ముందు చాలా ఏళ్ళున్నాయని నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని మనం వెనక్కి వెళ్ళి చెరపకూడదు.

చివరగా ఒక బరువైన సంగతి. పూర్వీకుల రక్తం, నేల అనే మాటలు యూరప్‌లో అమాయకమైనవి కావు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు నార్వేను ఆక్రమించిన కాలంలో, నాజీలతో చేతులు కలిపిన క్విస్లింగ్ పార్టీ వైకింగు సమాధి దిబ్బల దగ్గర సభలు పెట్టి, పాత చిహ్నాలను తన జెండాలకెత్తుకుంది. పాగన్ మెటల్‌లోనూ జాతి ద్వేషాన్ని బాహాటంగా ప్రచారం చేసే బృందాలున్నాయి. అందువల్ల ఈ సంగీతాన్ని ప్రేమించేవాళ్ళు ఏ బృందం నేల గురించి ఏ ఉద్దేశంతో పాడుతోందో ప్రతిసారీ అడిగి తెలుసుకోవాలి, బాణీ బాగుందని కళ్ళు మూసుకోకూడదు. సోగ్న్‌దాల్ విషయంలో ఆ ప్రశ్నకు విండిర్ తరువాత వచ్చిన పనిలో ఒక జవాబు దొరుకుతుంది. మిగిలిన సభ్యులు 2004లో వ్రైద్ అనే బృందం కట్టారు. 2007లో వాళ్ళు తెచ్చిన ‘ఈ క్రిగ్’ ఆల్బమ్‌కు సాహిత్యం, ఆక్రమణ కాలంలో ప్రతిఘటన పక్షాన నిలిచిన నార్వే కవి గున్నార్ రైస్-ఆండర్సెన్ కవితలే. 2009లో వచ్చిన ‘మిలోర్గ్’ పేరు నాజీలకు వ్యతిరేకంగా రహస్యంగా పోరాడిన నార్వే సైనిక సంఘానిది. స్వెర్రె రాజును ఎదిరించిన రైతుల పాట నుంచి నాజీలను ఎదిరించిన మనుషుల పాట దాకా వాళ్ళు నడిచి వచ్చారు. అదే ఊళ్ళో పుట్టిన మిస్తుర్ బృందం 2009లో ‘అత్తెండె’ ఆల్బమ్‌తో విండిర్ బాణీల పద్ధతిని అందుకుంది. ‘సోక్నర్దాల్ర్’ విన్న తరువాత ఈ మూడింటినీ కూడా వరుసగా వినండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగవచ్చు.